ఏడు సున్నల నేల

మూత పడి 75వ ఏడు. రోహిణి కార్తె, మూడో రోజు

నాలుగో చెక్క. మందు అంకె: సున్న.

రాశాక ఆ సున్న చుట్టూ కలం ఇంకోసారి తిప్పాను. ఇది ఏడోది. వరసగా ఏడేళ్ళు సున్న వస్తే నేలకు మూత తీసి సాగు చేసుకోనిస్తారు. మూసేసిన నల్లనేలల్లో ఇప్పటిదాకా ఏ పొలం చెక్కా ఏడో సున్న చూడలేదు. ఆరోదాకా వచ్చినవి రెండే రెండు, అవి కూడా మన వెనకే. గొప్పలు చెప్పుకోకూడదని అమ్మ అనేది. నేలపుస్తకంలో జరిగింది జరిగినట్టు రాయాలన్నదీ అమ్మే. కాబట్టి రాస్తున్నాను: ఈ చెక్కకు మూడో కాపరినైన గురవమ్మ అనే నేను, యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఇవాళ బొగ్గుపాలెం నడివీధిలో పెళ్ళికొడుకు తల్లిలా నడిచాను.

నాలుకను మూడుసార్లు గుచ్చి చూశాను. నాలుక అంటే మోచేతి పొడవు కడ్డీ. మట్టిని నీళ్ళతో తడిపి గుచ్చితే, ఆ తడిలో మందు ఎంతుందో చెబుతుంది. మందు అంటే ఎర్రమూత మందు. దాని అసలు పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. మిరప మీదా పత్తి మీదా దాన్నే కొట్టేవాళ్ళట. డబ్బాకు ఎర్రమూత ఉండేదని ఆ పేరు.

మా మరిది నాగూరు ఈ పాలేనికి పెద్ద. అంకె చూడగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వదినా, స్వాతి కార్తెలో మేడ వాళ్ళు వస్తన్నారు. సంతకం పడటం ఆలస్యం, జొన్న చల్లేద్దాం. మన నేలలో పండిన జొన్న! డెబ్బై ఐదేళ్ళు అయింది వదినా, ఈ పాలెంలో మనిషి మట్టిలో పండింది తిని."

మూత తీసే సంతకమే కాదు, తినేదంతా కూడా మేడ నుంచే వస్తుంది. అక్కడ మట్టి లేకుండా తొట్లలో పండిస్తారు. తిండికి లోటు లేదు. కానీ మేడ వంకాయకూ మేడ దోసకాయకూ రుచిలో తేడా చెప్పమంటే మేం కళ్ళు తెరిచి చూసి చెప్పాలి.

రోహిణి, తొమ్మిదో రోజు

ఇవాళ బొగ్గుబువ్వ. రెండువందల పన్నెండు ఇళ్ళవాళ్ళూ సర్కారుతుమ్మ కాల్చిన బొగ్గు ఇంటికొక తట్ట తెచ్చి చెక్కలో కలిపారు. ఈ ఏడు పుట్టిన తొమ్మిదిమంది పిల్లల పేరున తొమ్మిది తట్టలు అదనం. చెప్పులు గట్టుమీద విడిచి లోపలికి రావడం, బయటికి పోయేటప్పుడు తొట్టిలో కాళ్ళు కడుక్కోవడం, అంతా పద్ధతిగా జరిగింది. మా దగ్గర కాళ్ళు కడుక్కునేది ఇంట్లోకి వచ్చేటప్పుడు కాదు, చేలోంచి పోయేటప్పుడు. ఆ మట్టి ఊళ్ళోకి రాకూడదు.

బొగ్గు ఆలోచన మా అమ్మది. నాకప్పుడు పదేళ్ళు. అంకె నూటయాభై ఐదు దగ్గర కూర్చుని కదలనంటోంది. అమ్మ ఊరిచేత బొగ్గు వేయించింది. మరుసటి ఏడు తొంభై! ఊరు ఊరంతా అమ్మను ఎత్తుకుంది. పాలెం పేరే మారిపోయింది. బొగ్గు మందును తినేస్తుందని నాకు నేర్పింది అమ్మ, నేను అందరికీ నేర్పాను.

మృగశిర, అయిదో రోజు

వాన పడింది. నేల వాసనకు ఇంట్లో ఉండలేక నాసరమ్మ దొడ్డమ్మ చెక్కకు తీసుకుపొమ్మని గోల చేసింది. అమ్మకు అక్క. తొంభైమూడేళ్ళు. మూతకు ముందు తిండి తిన్నవాళ్ళలో పాలెంలో మిగిలింది తనొక్కతే. గట్టున పీట వేసి కూర్చోబెట్టాను. నేను గట్లు చూసి వచ్చేసరికి పీటమీద లేదు. చెక్కలో ఓ మూల వంగి మట్టి పిసుకుతోంది.

"ఏం చేస్తన్నావ్ దొడ్డమ్మా?"

"ఏముందమ్మాయ్, పలకరిస్తన్నా."

కాళ్ళు కడిగి ఇంటికి తెచ్చాను.

ఆరుద్ర, పదో రోజు

మూలలో గుమ్మడి తీగ!

రెండు ఆకులు విచ్చి మూడోది చుట్ట విప్పుతోంది. మూత తీయకముందు విత్తడం నేరం. ఇంటికి పోయి ఇంకా ఏమీ అడక్కుండానే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దొడ్డమ్మే మొదలుపెట్టింది.

"నేను కాదు."

"ఏది నువ్వు కాదు?"

"నువ్వు అడగబోయేది."

మేడ నుంచి వచ్చిన గుమ్మడికాయలోంచి నాలుగు గింజలు తీసి కొంగున ముడేసుకుందట. ఒకటి మొలిచింది.

"ఏడు సున్నలన్నావుగా. ఇంకేం కావాలి మీకు? స్వాతికల్లా నేనుంటానో లేదో. గుమ్మడికాయ పులుసు మట్టిదై ఉండాలే, లేకపోతే అది పులుసు కాదు. ఒక్క గరిటె తినిపోతా."

నియమం ప్రకారం తీగను అక్కడికక్కడే పీకాలి. పీకలేదు. దొడ్డమ్మ మీద జాలితో అని రాస్తే బాగుంటుంది కానీ అది సగమే. మిగతా సగం గర్వం. నా చెక్కలో, నా మట్టిలో ఒక తీగ పాకుతుంటే చూడాలనిపించింది. తుమ్మకంప అడ్డం పెట్టి వచ్చాను. తప్పు చేశాను, రాస్తున్నాను.

పుష్యమి

తీగ పదహారు అడుగులు. ఆకులు విస్తళ్ళంత. కాకిపిల్ల కాకికి ముద్దంటారు కానీ ఇలాంటి తీగ మేడ తొట్లలో పుట్టదు, పందెం.

మఖ, ఎనిమిదో రోజు

ఒక్క కాయ నిలబడింది. రోజూ పోయి కిందికి గడ్డి తోస్తున్నాను. నాగూరుకు తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను. కాయ దగ్గర గొంతుక్కూర్చుని అరచేత్తో నిమిరాడు. "స్వాతిలో మేడ వాళ్ళు వచ్చేలోపు తీగ పీకేయ్ వదినా" అన్నాడంతే. పోతూ పోతూ ఇంకోసారి వెనక్కి వచ్చి నిమిరాడు.

ఉత్తర, మూడో రోజు

కాయ కోశాం. పదకొండు కిలోలు.

ఇక్కడినుంచి నిదానంగా రాయాలి.

దొడ్డమ్మ వంట తనే చేస్తానంది. నేను కాయ కోసి ముక్కలు చేసిపెట్టాను. పొయ్యిమీద నూనె పెట్టి ఆవాలు వేసింది. అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. మట్టిలో పండిన మొదటి కాయ, మందు అంకె సున్న అని పుస్తకంలో రాయాలి కదా, నా తరవాత కాపరులు చదువుకుంటారు కదా. అందుకని ఒక ముక్క నూరి అందులో నాలుక పెట్టాను. కేవలం ఆ సున్న రాయాలన్న సంబరంతో.

తొమ్మిది.

నాలుక కడిగి మళ్ళీ పెట్టాను. తొమ్మిది. మేడ గుమ్మడికాయ ముక్క నిన్నటిది ఉంటే దాన్ని నూరి చూశాను. సున్న. మళ్ళీ మనది. తొమ్మిది.

"ముక్కలియ్యవే, పోపు మాడతంది" అంది దొడ్డమ్మ.

"దించెయ్ దొడ్డమ్మా."

"ఏందీ?"

"బాణలి దించు. ఇది తినకూడదు. కాయలోకి మందు ఎక్కింది."

ఆవాలు నల్లబడి పొగ లేచింది. ఆమె దించలేదు. నేనే దించాను.

"ఏ మందు?"

"ఎర్రమూత."

దొడ్డమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. "ఆ చెక్కలో ఎర్రమూత కొట్టింది మేమే. పద్నాలుగో ఏట నుంచి పద్దెనిమిదో ఏటి దాకా డబ్బా నా ఈపునే ఉండేది. మా నాయన ముందు సాళ్ళు, నేను ఎనక సాళ్ళు. అదేనంటావా ఇది? నేను కొట్టిందేనా?"

కాదని చెప్పాలని ఎంతో అనిపించింది.

"అదే దొడ్డమ్మా" అన్నాను.

హస్త, రెండో రోజు

నేలలో సున్న ఉంటే కాయలోకి తొమ్మిది ఎక్కడినుంచి వచ్చింది? పన్నెండు రోజులుగా ఇదే ఆలోచన. అన్నం సయించడం లేదు.

దొడ్డమ్మే దారి చూపింది, తనకు తెలియకుండా. డబ్బా మోసిన రోజుల గురించి చెబుతూ, "మందు చేతికంటితే నీళ్ళతో కడిగితే పోయేదా ఏందమ్మాయ్. నూనె రాసి తుడిచేవోళ్ళం" అంది.

నాలుక చూసేది నీళ్ళలో ఉన్నదాన్నే. ఈ మందుకు నీళ్ళంటే పడదు, నూనెలో కరుగుతుంది. చెక్క మట్టిని నువ్వులనూనెలో నానబెట్టాను. మూడు రోజులకు తేటనూనె వంచి అందులో నాలుక పెట్టి చూద్దాం.

హస్త, అయిదో రోజు

నలభై ఒకటి.

పుస్తకం మొదటి పేజీ తీశాను. అమ్మమ్మ రాత. మూత పడిన ఏడు, బొగ్గు అనే మాట ఇంకా ఎవరూ తలవని రోజు: మూడువందల ఇరవై ఎనిమిది. ఎర్రమూత మందు సగానికి తగ్గాలంటే ఇరవై అయిదేళ్ళు పడుతుందని బడిలో మూడో తరగతి పిల్లలకు పద్యంలా చెప్పిస్తాం. మూడువందల ఇరవై ఎనిమిదిలో సగం నూట అరవై నాలుగు. అందులో సగం ఎనభై రెండు. అందులో సగం నలభై ఒకటి. సరిగ్గా డెబ్బై అయిదేళ్ళు.

అంటే బొగ్గు ఒక్క పిసరు మందు కూడా తినలేదు. పట్టుకుని కూర్చుంది. ఇంగువ కట్టిన గుడ్డలాగా లోపల దాచుకుంది. మట్టినీళ్ళలోకి రానివ్వలేదు కాబట్టి నాలుకకు తెలియలేదు. గుమ్మడివేరు నాలుక కాదు, దానికి తెలిసిపోయింది, తోడేసింది. పైగా బొగ్గు నేలలో కుళ్ళేది కాదు, వందల ఏళ్ళుంటుంది. అన్నాళ్ళూ అడక్కపోతే దాస్తుంది, అడిగే వేరు వస్తే ఇచ్చేస్తుంది.

మూడో తరగతి లెక్క. ఏడేళ్ళుగా సున్న చూసి ఎగిరామే కానీ, కాలం ప్రకారం ఉండాల్సిన నలభై చిల్లర ఎటు పోయిందని ఒక్కరమూ అడగలేదు. అందరికంటే ముందు అడగాల్సింది నేను. నా మీద నాకే అసహ్యం వేసింది.

హస్త, ఎనిమిదో రోజు

నాగూరుకు చెప్పాను. మొదట నమ్మలేదు. నూనె చూపించాక మంచంమీద కూలబడ్డాడు. తరవాత మెల్లగా మొదలుపెట్టాడు.

"వదినా, చట్టంలో ఏముంది? నాలుక నీళ్ళమట్టిలో గుచ్చాలి, సున్న రావాలి. వచ్చింది. నూనె సంగతి చట్టంలో ఉందా? లేదుగా. మనం చల్లేది జొన్న. జొన్నవేరు గుమ్మడివేరు లాంటిది కాదు, లాగదు."

"లాగదని నువ్వు చూశావా?"

"లాగిద్దని నువ్వు చూశావా?"

ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. చివరికి వాడు నా నోరు మూయించే మాట అన్నాడు.

"మీ అమ్మ పేరుమీద ఈ పాలెం పేరు నిలబడింది. నువ్వు ఆ అంకె రాస్తే ఆమె నలభై ఎనిమిదేళ్ళ పని బూడిదైద్ది. నీ చేత్తో రాస్తావా? నీకెట్టా వచ్చిద్ది చెయ్యి?"

కంట నీళ్ళు తిరిగాయి, వాడికి కనపడనివ్వలేదు. వాడి బాధ నాలుగో చెక్క గురించి ఒక్కటే కాదని నాకు తెలుసు. ఈ ఏడు పుట్టిన తొమ్మిదిమందిలో ఒకడు వాడి మనవడు. ఆ పసివాడి అన్నప్రాశన మన జొన్నలతో చేయాలని నాగూరు ముహూర్తం కూడా పెట్టించాడు.

ఆ బిడ్డ నోట్లో మొదటి ముద్ద. అది తలచుకున్నాక ఇక నాకు వాదించాల్సింది ఏమీ కనపడలేదు. కానీ రాయడానికి చెయ్యి రాలేదు. నలభై ఒకటి వచ్చిన రోజు నుంచీ ఇదంతా రాస్తున్నది విడికాగితాల మీద.

చిత్త

పుస్తకం తెరిచాను. మూసేశాను.

చిత్త, పదకొండో రోజు

బావి నీళ్ళు నూనెతో కలిపి చూశాను. సున్న. పాలెంలో ఉన్న ఆరు బావులూ చూశాను. అన్నీ సున్న, నిజమైన సున్న. అమ్మ బొగ్గు మందును చంపలేకపోయింది కానీ కట్టేసింది. నలభై ఎనిమిదేళ్ళు మా నీళ్ళలోకి రానివ్వలేదు. మేం తాగి పెరిగింది ఆ నీళ్ళే. ఒక్కదాన్నే బావి గట్టున నిలబడి పెద్దగా నవ్వాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు.

ఇంటికి వచ్చి విడికాగితాలన్నీ ఇందులో ఎక్కించాను. చివరన రాశాను: నాలుగో చెక్క, నూనెలో చూసిన మందు అంకె నలభై ఒకటి. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

స్వాతి, మొదటి రోజు

మేడ నుంచి తనిఖీ అధికారి హైమవతి వచ్చింది. గట్టు చుట్టూ పాలెం అంతా నిలబడింది. కొత్తబట్టలు కట్టుకున్నారు. జొన్న విత్తనం కుంకుమబొట్లు పెట్టిన బుట్టల్లో సిద్ధంగా ఉంది. నాగూరు నా వంక చూడలేదు.

హైమవతి నాలుక గుచ్చింది. సున్న. జనం కేకలు. ఆమె సంతకం కోసం పుస్తకం అడిగింది. ఇవ్వలేదు. తెరిచి నేనే చదివాను. గుమ్మడి తీగ దగ్గర్నుంచి నలభై ఒకటి దాకా, నేను చేసిన తప్పుతో సహా, ఒక్క ముక్క వదలకుండా.

అరుపులు ఎలా మొదలయ్యాయో చెప్పలేను. అబద్ధమని ఒకరు. నేను ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని నేరం చేశానని ఒకరు. ఎవరో మా అమ్మను తిట్టారు. అంతలో దొడ్డమ్మ పీట మీంచి లేచింది. ఆమె గొంతు పెద్దది కాదు, అయినా ముందు వరస ఆగింది, వెనక వరసలు వాటంతటవే ఆగాయి.

"దాన్నెందుకంటారు? అందులో ఉంది నా మందు. నేను కొట్టా. పురుగు చావాలని కొట్టా, మళ్ళా లేచుద్దని ఇంకోసారి కొట్టా. అది చచ్చిందో లేదో కానీ నా మందు మాత్రం చావలా. నా తల్లి పుట్టించిన పుస్తకంలో సున్న రాసి, ఆ పసిగుడ్డుల నోట్లో పెడతారా నేను కొట్టింది? నేను చూస్తా ఉండగా?"

హైమవతి ఏడు సున్నల మీదా ఏడు గీతలు కొట్టింది. నియమం. కానీ కలం మూసి ఆమె అన్న మాట రాసి తీరాలి. "అమ్మా, బొగ్గు వేసిన చెక్కలు ఇంకా నూట పదకొండున్నాయి. వచ్చే ఏడు మరో రెండు చెక్కలకి సంతకం పెట్టేదాన్ని నేనే. ఈ నూనె పరీక్ష ఎట్లా చేశారో మా వాళ్ళకి నేర్పిస్తారా?"

నేర్పిస్తానన్నాను. తల ఎత్తే చెప్పాను.

జనం కదులుతున్నారు. నాగూరు జొన్న బుట్ట పక్కన నిలబడే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దగ్గరికి వచ్చి తిడతాడనుకున్నాను.

"ఆ గుమ్మడి, మందుని లాగిందన్నావుగా వదినా."

"లాగింది."

"ఒక్క తీగే తొమ్మిది లాగితే, చెక్క నిండా వేస్తే? కాయలూ తీగలూ అద్దాల ఎండకొలిమిలో పడేసి మందుతో సహా మాడ్చేస్తే?" అప్పుడు నా వంక చూశాడు. "గింజలెన్ని ఉన్నయ్?"

నాలుగువందల ఆరు. అప్పటికే లెక్కపెట్టి ఉన్నాను.

76వ ఏడు. మృగశిర, మొదటి రోజు

నాలుగో చెక్క నిండా గుమ్మడి విత్తాం. ఈసారి మేడ వాళ్ళ అనుమతితోనే. పేరు మాత్రం "మందు తోడే పంట". బొగ్గుబువ్వ ఆపలేదు, బావుల చుట్టూ గట్లకు మార్చాం.

పుబ్బ, ఆరో రోజు

ఎనిమిదివందల కాయలు. ఇంత అందమైన కాయలు ఏ కంటా చూడలేదు, ఒక్కటీ తినడానికి లేదు. గుమ్మడికాయల దొంగలు లేని ఊరు భూమ్మీద మాదొక్కటే అని నాగూరు అందరితో చెబుతున్నాడు.

అద్దాల మధ్య ఎండకొలిమి తెల్లగా మండుతుంటే, వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ కాయలు అందించాం. మొదటి కాయ దొడ్డమ్మది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. తొంభై నాలుగేళ్ళ నడుముతో దాన్ని మోసి, అంచున పెట్టి, తోసింది. వెనక్కి తిరిగి చీర కుచ్చెళ్ళకు చేతులు తుడుచుకుంది.

స్వాతి, నాలుగో రోజు

మూడు రోజులు నానిన నూనె ఇవాళ తీశాను. పాలెంలో సగం మంది నా వాకిట్లో ఉన్నారు. హైమవతి పొద్దున్నే వచ్చింది.

ముప్పై ఏడు.

దానంతటదే తగ్గితే నలభై ఉండాలి. నలభై ఒకటిలో ఒకటి కాలం తీసుకుంది. మూడు మేం తీశాం. ఈ పుస్తకంలో మనిషి చేత్తో నిజంగా తగ్గిన మొదటి అంకె ఇది. కొట్టేసిన ఏడు సున్నల కింద రాసి పూర్తి పేరుతో సంతకం చేశాను. ఆ పేజీ ఎవరికైనా చూపిస్తాను. అడక్కపోయినా చూపిస్తాను.

ఇదే వేగంతో పోతే ఇంకో పదేళ్ళ మాట. నాగూరు మనవడు అప్పటికి బడికి పోతుంటాడు. దొడ్డమ్మ ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మంచం దగ్గరికి పోయి అంకె చెప్పాను. వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది.

"అంటే నేను మోసిన డబ్బాల్లో నాలుగు వెనక్కి వచ్చినయ్యన్నమాట."

"వచ్చాయి దొడ్డమ్మా."

"ఇంకా ముప్పై ఏడున్నయ్." అని నా వంక కోపంగా చూసింది. "మరి ఇక్కడ కూర్చున్నావేందే? పోయి గింజలు ఎండబెట్టు."